డ్యూకు మొహాన తడి దుప్పటి

లైడెన్
1612 ఆగస్టు 20

అత్తా,

క్షేమ సమాచారాలతో మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. నువ్వు క్షేమంగానే ఉంటావు, నీ జోలికి రావడానికి జబ్బులకి కూడా ధైర్యం చాలదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోతోంది.

నారిచ్‌లో ఉన్నన్నాళ్ళూ వీధిలో ఇంగ్లీషు కుర్రాళ్ళు డచ్చివాణ్ణని నన్ను "వెన్నడబ్బా, మీ దేశం పో" అన్నారు. మన దేశమే కదా అని ఇంగ్లండు వదిలి ఈ హాలండుకి వచ్చాను. మగ్గాల సావిట్లో మొదటి రోజే ఒకడు "ఏరా ఇంగ్లీషోడా, మా డచ్చి నీకెవరు నేర్పార్రా?" అన్నాడు. మా మేనత్త నేర్పింది, తిట్లతో సహా నేర్పింది అని చెప్పి, వాటిలో ఓ రెండు వాడి మీదే వాడి చూపించాను. అప్పట్నుంచి వాడు నా పక్క మగ్గం మీద కూర్చోవడం లేదు. అక్కడ పరాయివాణ్ణి, ఇక్కడా పరాయివాణ్ణే. సముద్రం మధ్యలో ఓ గుడిసె వేసుకుంటే సరిపోయేది.

అసలు సంగతికి వస్తాను. ఇంగ్లీషు నాటకాల జట్టు ఒకటి ఊళ్ళో దిగింది. వాళ్ళు ఇంగ్లీషులోనే ఆడతారు, చూసేవాళ్ళకి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా కత్తులకీ, డప్పులకీ, పట్టుబట్టలకీ జనం విరగబడతారు. మధ్యమధ్యలో హాస్యగాడొకడు వచ్చి వచ్చీరాని డచ్చిలో కథ చెప్పిపోతాడు. ఆ హాస్యగాడు హెర్రింగు చేపలు మితం లేకుండా తిని మంచమెక్కాడు. జట్టు పెద్ద రాఫ్ అనే భారీ మనిషి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "నీకు రెండు భాషలూ వచ్చట కదా అబ్బాయ్, అంకానికీ అంకానికీ మధ్య నిలబడి కథ చెప్పు చాలు" అన్నాడు.

నాటకం పేరు "డ్యూకు శోకం". పెళ్ళాం చచ్చిపోయిందని డ్యూకు ఏడుస్తాడు. కూర్చుని ఏడుస్తాడు, నిలబడి ఏడుస్తాడు, కత్తి పట్టుకుని ఏడుస్తాడు. ఏడుపు మధ్యలో ఊళ్ళోవాళ్ళని చంపిస్తుంటాడు. నాలుగో అంకంలో బట్టలుతికే ఆవిడ ఒకతె వచ్చి "ప్రభూ, దుప్పట్లు" అంటుంది. దుప్పటి మీద మరక కనబడిందని ఆవిణ్ణి లోపలికి ఈడ్పించి తల తీయిస్తాడు. అంతే ఆవిడ పాత్ర. తర్వాత మళ్ళీ ఏడుస్తాడు. ఆవిడ కోసం కాదు.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. నాలుగో అంకం అవగానే జనం ముందుకొచ్చి చెప్పాను: "అయ్యలారా, ఆవిణ్ణి సైనికులు ఈడ్చుకెళ్ళారనుకున్నారా? ఆవిడే వాళ్ళని ఈడ్చుకెళ్ళింది. లోపల డ్యూకుని పట్టుకుని, 'పొద్దున్నే లేచి నీళ్ళు మోసేది నేను, మురికి చేసేది నువ్వు. ఏడుపొస్తే నీ చొక్కాకే తుడుచుకో, నా దుప్పటి ముట్టుకోకు' అని, అదే తడి దుప్పటితో మొహాన ఫెడీమని ఒక్కటిచ్చింది. ఇప్పుడు డ్యూకు ఎందుకు ఏడుస్తున్నాడో మీరే చూడండి."

అయిదో అంకం మొదలైంది. డ్యూకు వేషంలో రాఫ్ చెంప పట్టుకుని వెక్కుతూ వచ్చాడు. జనం బల్లలు ఎక్కి నవ్వారు. అతను వెక్కిన కొద్దీ వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. ఆట అయ్యాక రాఫ్ నన్ను కౌగిలించుకుని, "మీ డచ్చివాళ్ళకి శోకమంటే ఎంత ప్రేమయ్యా! అందరి కళ్ళలోనూ నీళ్ళే" అన్నాడు.

ఆ జనంలో ఆర్నౌట్ గారున్నాడు. ధాన్యం వర్తకుడు, ఈ ఊళ్ళో "నీలి గంటపూలు" కవుల సంఘానికి పెద్ద కవి. మొన్న నన్ను పిలిచి, "ఆ ఇంగ్లీషు నాటకాన్ని, ఆ దుప్పటావిడ కథని డచ్చిలో రాసి తే. బాగుంటే పండగకి ఆడతాం, నిన్ను సంఘంలో చేర్చుకుంటాం" అన్నాడు. అత్తా, ఆ సంఘంలో చేరినవాడి పేరు చెక్క పలక మీద రంగులతో రాస్తారు. పేరు కింద వాడు ఎంచుకున్న వాక్యం ఒకటి రాస్తారు. ఆ తర్వాత వాణ్ణి ఎవడూ "ఏరా" అనడు. నాకు ఆ పలక మీద పేరు కావాలి. ఇంకేదీ అక్కర్లేదు.

దుప్పటావిడ కథ ఇంగ్లీషుది కాదు, నాది అని నేను చెప్పలేదు. నేతగాడు అల్లిన కథ అంటే చూస్తారా? ఇంగ్లండు సరుకంటే చూస్తారు. తల ఊపి వచ్చేశాను.

కోపంగానే ఉన్న
నీ మేనల్లుడు లీవెన్


నారిచ్
ఆగస్టు 18

ఒరే లీవెన్,

నీ ఉత్తరం మీద ఆగస్టు 20 అని ఉంది. నాకు 16న అందింది. ఎల్లుండి రాయబోయేది మొన్నే అందిందంటే, ఆ ఊరి బీరు కాస్త తగ్గించడం మంచిది.

కనారీ పిట్టల్లో పసుపు పచ్చది గుడ్లు పెట్టింది. నువ్వు లేవని తెలిసి పొద్దున్నే హాయిగా పాడుతోంది. నీ మగ్గం మీద దుమ్ము పడకుండా పాత దుప్పటి కప్పాను. ఎవరికీ ఇవ్వలేదు. చర్చి గుమాస్తా టోబయాస్ రోజూ వచ్చి క్యారెట్లు ఇచ్చిపోతున్నాడు. ఇన్ని క్యారెట్లు నేనేం చేసుకోను? గుర్రాన్ని కాదు కదా.

ఆ బట్టలుతికే ఆవిడెవరో బుద్ధిమంతురాల్లా ఉంది. కానీ ఒక్క మాట. ఆ ఏడుపు నాటకం రాసినవాడు కూడా ఎవడో ఒకడు ఉంటాడు కదరా. వాడి నాటకాన్ని నువ్వు తిరగతిప్పావని తెలిస్తే వాడి ఒళ్ళూ మండదా?

పలక మీద పేరంటే నాకు ఇష్టమే. మీ తాత పేరు ఎక్కడా రాయలేదు, ఫ్లాండర్సు నుంచి ఈ ఊరికి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్ళ జాబితాలో తప్ప. పేరు కింద ఏం రాయిస్తావు?

తల దువ్వుకుంటున్నావా?
మీ అత్త మాయ్కెన్


లైడెన్
సెప్టెంబరు 8

అత్తా,

నేను తాగలేదు. ఇక్కడ తారీఖులు మీకంటే పది రోజులు ముందు నడుస్తాయి. మీ ఇంగ్లండు వెనకబడింది, అంతే. లోకమంతా సూర్యుణ్ణి చూసి లెక్క సరిచేసుకుంటే మీరు పంతం పట్టుకు కూర్చున్నారు. ఇక ఆ సంగతి వదిలెయ్.

ఆ డ్యూకు నాటకం రాసినవాడికి మండితే మండనీ. కడుపు నిండినవాడు రాసిన ఏడుపు అది. ఒక్కరోజు నీళ్ళు మోసి ఉంటే అలా రాసేవాడా?

నాటకం పూర్తిచేశాను. పగలు నేత, సాయంత్రం రాత. మగ్గం నాడె పట్టుకున్న చేత్తోనే కలం పట్టుకుంటే వేళ్ళు వంకర్లు పోతున్నాయి. డ్యూకు ఏడుపు మొత్తం ఒక పేజీకి కుదించాను. మిగతాదంతా దుప్పటావిడే. ఆర్నౌట్ గారు చదివి పొట్ట పట్టుకు నవ్వాడు. నవ్వు ఆపుకుని, "బావుందోయ్. కానీ సంఘం ఒప్పుకోవాలంటే ఇంగ్లీషు మూలం పక్కన పెట్టి చూడాలి. అది మా నియమం. మూలం తెప్పించు" అన్నాడు.

మూలం ఎక్కడుంది అత్తా? నా బుర్రలో ఉంది. అది డచ్చిలోనే ఉంది.

అందుకని నకలొకటి ఇక్కడ ఉంచుకుని, కొట్టివేతలతో ఉన్న నా మొదటి రాతప్రతి ఈ ఉత్తరంతో పంపుతున్నాను. ఆ క్యారెట్ల టోబయాస్ చేత దీన్ని ఇంగ్లీషులోకి మార్పించి, శుభ్రంగా రాయించి పంపు. అది మూలం అవుతుంది. నాది అనువాదం అవుతుంది. మోసం అనకు. పేదవాడు లోపలికి రావడానికి గుమ్మం లేకపోతే కిటికీలోంచి వస్తాడు.

పేరు కింద "చీకటిని నేసి వెలుగు తీస్తాను" అని రాయిద్దామనుకుంటున్నాను.

తొందరలో,
లీవెన్


నారిచ్
సెప్టెంబరు 6

ఒరే దరిద్రుడా,

మొదట తారీఖుల సంగతి. ఆ పది రోజులు రోములో కూర్చున్న క్యాథలిక్కుల పోపు దిద్దిన లెక్క. అతని మనుషుల నుంచి తప్పించుకోవడానికే మీ తాత సముద్రం దాటాడు. నా ఇంట్లో మన చర్చి గంట చెప్పిందే తారీఖు. చచ్చేదాకా ఇదే.

రెండోది. చదివాను. పొయ్యి పక్కన కూర్చుని మొదటి పేజీ చదువుతుంటే, ఎవర్రా ఈ గయ్యాళి అనుకున్నాను. రెండో పేజీలో ఆవిడ కనారీలతో మాట్లాడింది. మూడో పేజీలో ఆవిడ ఎడం మోచేతి మీద మచ్చ ఉంది. నేను చొక్కా చెయ్యి పైకి లాక్కుని నా మోచేయి చూసుకున్నాను. ఒరే! ఈవిడ నేనే కదరా!

అప్పుడు నువ్వు ఆరేళ్ళవాడివి. గుడ్డ నాణ్యం చూసే అధికారి ఒకడు వచ్చి, నేను రంగు తొట్టిలోంచి అప్పుడే తీసిన తానుని పట్టుకుపోబోతే నేను చేసిన పని అది. నువ్వు మంచం కింద దాక్కున్నావు, నిద్రపోయావనుకున్నాను. అన్నీ వింటూ ఉన్నావన్నమాట. అయినా అది దుప్పటి కాదు, ఊలు తాను. మొహాన కాదు, వీపు మీద. ఫెడీమని కాదు, మెల్లిగానే. నేనంత నోరుగలదాన్నా? ఊరంతటి ముందు నన్ను నిలబెట్టి నవ్విస్తావా? బట్టలుతికేదానిలో నన్నెందుకు దూర్చావు, నేతదాన్నని చెప్పుకోవడానికి సిగ్గా?

కోపంతో చింపేద్దామనుకున్నాను. అప్పుడే టోబయాస్ వచ్చాడు. అతనికి మన భాష వచ్చు కదా, చేతిలోంచి తీసుకుని చదివాడు. చదువుతూ ఒకసారి కాగితం వంక, ఒకసారి నా వంక చూశాడు. "మాయ్కెన్, ఇది అచ్చం..." అన్నాడు. "ఏమిటి అచ్చం?" అన్నాను. "ఏమీ లేదు" అన్నాడు. తెలివైనవాడు. ఇంటికి తీసుకెళ్ళి ఇంగ్లీషులో రాసి తెచ్చాడు. నేను వద్దన్నా తెచ్చాడు. పంపుతున్నాను. నీ ప్రతి మాత్రం నా దగ్గరే ఉంటుంది, పళ్ళు కొరుక్కోవడానికి పనికొస్తుంది.

"చీకటిని నేసి వెలుగు తీస్తాను" అట. కొవ్వొత్తి లేకుండా నేస్తే పోగులు తప్పుతాయి. వేరేది చూడు.

మంచం కింద దాక్కున్నవాడి
అత్త


లైడెన్
సెప్టెంబరు 26

అత్తా అత్తా అత్తా!

గెలిచాం! టోబయాస్ ఇంగ్లీషు ప్రతిని సంఘంలో బల్ల మీద పరిచారు. ఇంగ్లీషు చదవగలిగినవాడు వాళ్ళలో ఒక్కడు, వాడికీ సగమే వచ్చు. అటూ ఇటూ చూసి, "అనువాదం బాగుంది కానీ మూలంలో ఉన్న సొగసు రాలేదు" అన్నాడు. నా నాటకంలో లేని సొగసు, నా నాటకాన్ని చూసి రాసిన కాపీలో ఉందట! నవ్వాలో వాడి జుట్టు పట్టుకోవాలో తెలియక బీరు గ్లాసు గట్టిగా పట్టుకున్నాను.

అక్టోబరు మూడున, ఈ ఊరి మీద స్పెయిను సైన్యం వేసిన ముట్టడి తొలగిన పండగనాడు ఆడతారు. ఊరంతా హెర్రింగూ తెల్ల రొట్టే తిని మన నాటకానికి వస్తుంది. నీ వేషం రొట్టెలవాడి కొడుకు కడుతున్నాడు. వాడికి ఈమధ్యే మీసం మొలుస్తోంది, సున్నం పూసి కప్పుతున్నారు. నువ్వు నొచ్చుకోవద్దు. బట్టలుతికేదానిలో ఎందుకు దూర్చానంటావా, నేతావిడ అని రాస్తే నీ పేరు అందరికీ తెలిసిపోతుందని. నిన్ను దాచడానికే చేశాను.

పండగ అయ్యాక సమావేశంలో నా పేరు పలక మీద రాస్తారు. వాక్యం మార్చాను: "పోగు తెగినా నేత ఆగదు." ఎలా ఉంది?

ఇంగ్లీషు జట్టు మీ దేశం వెళ్ళిపోయింది. రాఫ్ వెళ్తూ వెళ్తూ కూడా నా చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. మంచి మనిషే పాపం, ఏడుపు ఒక్కటే ఎక్కువ.

పొంగిపోతూ,
కాబోయే కవి లీవెన్


నారిచ్
సెప్టెంబరు 28

ఒరే కాబోయే కవీ,

పోగు తెగితే నేత ఆపాలి. ఆపి ముడెయ్యాలి. నీకు నేర్పింది నేనేనా?

ఇక్కడ ఏం జరిగిందో విను. టోబయాస్ ఇంగ్లీషు సరిగ్గా వచ్చిందో లేదో చూసుకోవడానికి తన దగ్గరున్న చిత్తుప్రతిని సత్రంలో నలుగురికి చదివి వినిపించాడట. ఆ సత్రంలోనే నాటకాల జట్టు ఒకటి దిగి ఉంది. "ఇది ఎక్కడిది?" అని అడిగారట. మనవాడు నిజాయితీపరుడు కదా, "డచ్చి నుంచి వచ్చింది" అన్నాడు. చాలదూ? మూడు రోజుల్లో ఊరంతా కాగితాలు అంటించారు: "హాలండు దేశం నుంచి కొత్తగా దిగిన డచ్చి హాస్య నాటకం." ఇక్కడివాళ్ళకి డచ్చి బొమ్మలు కావాలి, డచ్చి పలకలు కావాలి, డచ్చి తోటలు కావాలి. డచ్చివాళ్ళు మాత్రం వెన్నడబ్బాలు.

సత్రం పెరట్లో నిలబడి చూశాను. నా వేషం కట్టిన కుర్రాడు నా నడక నడుస్తున్నాడు. జనం వాణ్ణి చూసి, వెనక్కి తిరిగి నన్ను చూసి, మళ్ళీ వాణ్ణి చూశారు. కూరగాయలమ్మే జోన్ నా డొక్కలో పొడిచి, "దొరసానీ, ఎప్పుడు నేర్పావు వాడికి?" అంది. నాకు భూమిలోకి పోవాలనిపించింది. కానీ దుప్పటితో కొట్టినప్పుడు జనం అరిచిన అరుపుకి, ఏం చెప్పను, నేనూ అరిచాను.

అక్కడిదాకా బాగానే ఉంది. చివర మార్చేశారురా! దుప్పటి దెబ్బకి డ్యూకుకి జ్ఞానోదయం అయి ఆవిణ్ణి పెళ్ళాడతాడట. నన్ను తీసుకెళ్ళి ఆ ఏడుపుగొట్టువాడికి కట్టబెట్టారు! టోబయాస్ కూడా లేచి "అన్యాయం" అని అరిచాడు. అతనికేం నొప్పో నాకర్థం కాలేదు.

నీ నాటకం ఎలా జరిగిందో రాయి.
డ్యూకుని చేసుకోని
మీ అత్త


లైడెన్
అక్టోబరు 12

అత్తా,

కొంప మునిగింది. ముంచింది నారిచ్.

నాటకం మూడో తారీఖున అద్భుతంగా జరిగింది. నవ్వి నవ్వి ఒకాయన వంతెన మీదనించి కాలవలో పడ్డాడు. నా పేరు రాయడానికి రంగులు కూడా కలిపారు. అంతలో సంఘం సభ్యుడైన ఊలు వర్తకుడొకడు నారిచ్ నుంచి ఓడ దిగాడు. దిగి ఏమన్నాడో తెలుసా? "ఈ నాటకం నేనక్కడ చూశాను. కాగితాల మీద స్పష్టంగా రాసి ఉంది, డచ్చి నుంచి తెచ్చిందని!"

అందరూ నా వైపు తిరిగారు. "ఇంగ్లీషువాళ్ళు డచ్చిలోంచి తెచ్చుకున్నారట. నువ్వేమో ఇంగ్లీషులోంచి తెచ్చానన్నావు. మరి రాసిందెవడ్రా?" నేను లేచి నిలబడి నిజం చెప్పాను. నేనే రాశానన్నాను. ఎంత నవ్వారంటే, పండగనాడు దుప్పటి దెబ్బకి కూడా అంత నవ్వలేదు. "నేతగాడు రాశాడట!"

ఇంకా అయిపోలేదు. ఆర్నౌట్ గారు గడ్డం సవరించుకుని, మెల్లిగా, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు, "మూలం డచ్చిదే అయితే, నాకిప్పుడు గుర్తొస్తోంది. కుర్రతనంలో ఇలాంటిదొకటి రాసి ఎక్కడో పారేసుకున్నాను. ఎలాగో ఇంగ్లండు చేరినట్టుంది" అన్నాడు. అందరూ "ఓహో" అన్నారు! అత్తా, నా చేతికి దగ్గర్లో తడి దుప్పటి లేకపోయింది.

ఇరవై ఎనిమిదిన సమావేశం. ఆ రోజు తేలుస్తారు. నువ్వు రావాలి. కొట్టివేతలతో ఉన్న నా చేతిరాత మొదటి ప్రతి పట్టుకుని రా. అది మంచం కింద నేను విన్న నీ మాటేనని నువ్వొచ్చి చెబితే తప్ప నమ్మరు. నా పేరు రాయాల్సిన చోట వాడి పేరు రాస్తే నేను బతికి ఉండి దండగ. నువ్వు రాకపోతే మర్నాడే ఓడెక్కి నేనే వచ్చి ఆ కాగితాలు తెచ్చి వీళ్ళ మొహాన కొడతాను.

రా అత్తా.
లీవెన్


లైడెన్, నీ గదిలోంచి
మీ లెక్కన నవంబరు 5

ఒరే లీవెన్,

నువ్వు ఈపాటికి నారిచ్‌లో నా వంటింట్లో కూర్చుని నన్ను తిట్టుకుంటూ ఉంటావు. నేను నీ గదిలో కూర్చుని నిన్ను తిట్టుకుంటున్నాను. సముద్రం మధ్యలో ఎక్కడో నీ ఓడా నా ఓడా పక్కపక్కనించే పోయి ఉంటాయి.

ఇరవై ఎనిమిది అన్నావు. ఏ ఇరవై ఎనిమిదో రాశావా? నేను మన చర్చి లెక్కన చూసుకుని, కనారీలను టోబయాస్‌కి అప్పగించి, ఉల్లిపాయల జాడీ సర్దుకుని, తీరిగ్గా బయల్దేరాను. యార్మత్ రేవు నుంచి వాంతులు చేసుకుంటూ వచ్చాను. మూడు రోజుల ముందే దిగానని నా గొప్ప. నీకు గది అద్దెకిచ్చిన ఆవిడ తలుపు తీసి, "అయ్యో, ఆ సమావేశం వారం కిందటే అయిపోయిందమ్మా, నాటకం ఆర్నౌట్ గారిదేనని తేల్చారట, అబ్బాయి తలుపు విరగ్గొట్టినంత పని చేసి వెళ్ళిపోయాడు" అంది. పోపుని నేనెప్పుడూ క్షమించలేదు, ఇప్పుడసలు క్షమించను.

ఆదివారం కదా, సంఘం వాళ్ళు ఆ సాయంత్రం కలుస్తారని ఆవిడే చెప్పింది. ఓడ బట్టలతోనే పోయాను. మేడ మీద గది, పొగ, బీరు. ఆర్నౌట్ గారు నిలబడి, తను పారేసుకున్న నాటకాన్ని చదివి వినిపిస్తున్నాడు. దుప్పటావిడ మాటలు చదువుతున్నాడు, పెళ్ళివిందులో ఆశీర్వచనం చెబుతున్నట్టు. నేను గుమ్మంలో కాసేపు ఓర్చుకున్నాను. "ఏడుపొస్తే నీ చొక్కాకే తుడుచుకొనుము" అన్నాడు. ఇక నా వల్ల కాలేదు.

"అలా కాదయ్యా!" అన్నాను. "పొద్దున్నే లేచి నీళ్ళు మోసేది నేను, మురికి చేసేది నువ్వు. ఏడుపొస్తే నీ చొక్కాకే తుడుచుకో, నా దుప్పటి ముట్టుకోకు!"

గది గదంతా చప్పట్లు కొట్టింది. "భలే కట్టాడ్రా వేషం!" అన్నాడొకడు. "రొట్టెలవాడి కొడుకుకన్నా బాగున్నాడు, ఎవరబ్బాయివోయ్?" అన్నాడు ఇంకొకడు. మరొకడు మీసానికి సున్నం ఎంత బాగా పూశారో చూద్దామని నా గడ్డం పట్టుకుని లాగాడు. ఆడవేషం మగపిల్లలు కట్టడం చూసి చూసి, వీళ్ళకి నిజం ఆడమనిషి ఎదురుగా నిలబడినా తెలియకుండా పోయిందిరా. వాడి చెంప ఛెళ్ళుమన్నాక తెలిసింది.

అప్పుడు బల్ల దగ్గరికి పోయాను. ఆర్నౌట్ గారిని అడిగాను: "ఇది నువ్వే రాశావు కదా, ఆవిడ మోచేతి మీద మచ్చ ఎందుకుందో చెప్పు." ఆయన కళ్ళు మూసుకుని, "అది శోకానికి గుర్తు" అన్నాడు. చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాను. "శోకం కాదు, మరిగే రంగు తొట్టి. నేను నేతదాన్ని, నా పేరు మాయ్కెన్ వెర్బేక్. ఇది రాసిన లీవెన్ నా అన్న కొడుకు. మంచం కింద పడుకుని విన్నాడు, వినని చోట కల్పించాడు. ఇదిగో వాడి చేతిరాత." ఆయన ఇంకా ఏదో "కుర్రతనంలో" అని మొదలుపెట్టాడు. బల్ల మీద బీరు ఒలికి తడిసిన గుడ్డ ఒకటి నా చేతికి తగిలింది. నేను కావాలని చేయలేదు. మెల్లిగానే తగిలింది. ఈసారి మొహానే.

ఎంత నవ్వారో తెలుసా? ఊలు వర్తకుడు కింద పడి దొర్లాడు. ఆర్నౌట్ గారు మొహం తుడుచుకుని, తనూ నవ్వాడు. "ఓడిపోయాను తల్లీ" అన్నాడు. చెడ్డవాడు కాదురా, నీది బాగుందనుకుని, తనది అయితే బాగుండుననుకున్నాడు. ఇవాళ పొద్దున్న నీ గదికి వచ్చి నాకు తెలిసిన తిట్లన్నీ చెప్పమని కూర్చున్నాడు. ఒక్కో తిట్టుకి ఒక్కో నూలు ఉండ చుట్టమన్నాను. చుడుతున్నాడు.

నీ పేరు పలక మీద రాశారు. నేను చూస్తుండగానే రాశారు. నేతగాడు అని కూడా రాయించాను. పేరు కింద వాక్యం అడిగారు, నువ్వు లేవు, రంగు ఆరిపోతోంది. నీ చీకటీ వెలుగూ, పోగులూ నాకు నచ్చలేదు. నాకు నచ్చింది చెప్పాను. గోడకెక్కింది. ఇక మార్చరట.

నువ్వు మగ్గం మీద సగంలో వదిలేసిన తాను నేను పూర్తి చేస్తున్నాను. పోగులు వదులుగా ఉన్నాయి. నేనిక్కణ్ణుంచి కదలను. నువ్వే రా, వచ్చి నీ పేరు చూసుకో.

నీ పడకకి దిండు లేదేమిట్రా?
అత్త


నారిచ్
నవంబరు 3, మన చర్చి లెక్కన

అత్తా,

నీ ఉత్తరం మీద నవంబరు 5 అని ఉంది, నాకు ఒకటిన అందింది. బీరు తగ్గించు.

పేరు కింద ఏం రాయించావో చెప్పకుండా ఉత్తరం ముగిస్తావా? నిజంగా పళ్ళు కొరికాను. నీ ఉత్తరం తెచ్చిన ఓడ మీద నేతగాడొకడున్నాడు, వాడు ఆ పలక చూశాడట. "నువ్వేనా ఫలానా?" అని నన్ను ఆ వాక్యంతోనే పిలిచాడు. మొదట మంటెత్తిపోయింది. వెలుగు గురించి, నేత గురించి ఎన్ని వాక్యాలు కట్టాను! సాయంత్రం దాకా తిట్టుకున్నాను. తర్వాత ఆర్నౌట్ గారు నా నాటకం మీద చెయ్యి వేసిన సంగతి గుర్తొచ్చింది. అప్పుడు ఆ వాక్యం ఇంకోసారి పైకి చదువుకున్నాను. ఇంకేమీ అనను.

ఇక్కడి సంగతి. నేను వచ్చిన రోజే సత్రం పెరట్లో నాటకం. చివర నిన్ను డ్యూకుకి ఇచ్చి పెళ్ళి చేస్తుంటే చూస్తూ ఊరుకోలేకపోయాను. అరుగు మీదికి ఎగిరి, "అయ్యలారా, ఆవిడ ఒప్పుకోలేదు! దుప్పటి పిండుకుని ఇంటికెళ్ళిపోయింది!" అని ఇంగ్లీషులో అరిచాను. జనం గోల చేశారు. డ్యూకు నా వైపు తిరిగాడు. ఎవరనుకున్నావు? రాఫ్! "అబ్బాయ్, నువ్వా!" అని అక్కడే కౌగిలించుకున్నాడు. తర్వాత పక్కకి తీసుకెళ్ళి రహస్యంగా, "ఈ డచ్చి నాటకం మా 'డ్యూకు శోకం'కి కాస్త దగ్గరగా ఉంది సుమా. నువ్వు గమనించావా?" అన్నాడు. గమనించానన్నాను.

"డ్యూకు శోకం నేనే రాశాను. మా ఆవిడ పోయిన సంవత్సరం రాశాను. అన్ని ఊళ్ళలోనూ జనం ఆవలించారు. లైడెన్‌లో మాత్రం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. నాకది చాలు" అన్నాడు.

అత్తా, నా నోరు నీకు తెలుసు. అయినా ఆ నీళ్ళు నవ్వి నవ్వి వచ్చినవని చెప్పలేదు. అతనికి బీరు ఇప్పించి, ఆవిడ పేరేమిటని అడిగాను. చాలాసేపు చెప్పాడు. అంతా విన్నాను.

ఇంకో సంగతి. నాటకం అయ్యాక జనం "ఇది ఎవరు రాశారు?" అని అడగలేదు. "ఈవిడ నిజంగా ఉందా, ఎక్కడుంటుంది?" అని అడిగారు. నేను గర్వం పట్టలేక మన ఇల్లు చూపించాను. అప్పట్నుంచి గుమ్మం ముందు మాసిన దుప్పట్లతో బారులు తీరి నిలబడుతున్నారు. ఇది నేతావిడ ఇల్లు అంటే ఒక్కడూ నమ్మడు. టోబయాస్ వాళ్ళని తరుముతున్నాడు, క్యారెట్లతో. నీకోసం రోజుకి రెండుసార్లు అడుగుతున్నాడు. నీకు అర్థం కాని ఆ నొప్పేమిటో నాకు అర్థమైంది, వచ్చాక చెబుతాను.

నీ మగ్గం మీద తాను పూర్తి చేశాను. పోగులు మరీ బిగువుగా ఉన్నాయి. శనివారం ఓడకి బయల్దేరుతున్నాను. శనివారం ఇక్కడా శనివారమే, అక్కడా శనివారమే. నువ్వు మాత్రం కదలకు.

ఇట్లు,
లీవెన్ వెర్బేక్, నేతగాడు
"నా దుప్పటి ముట్టుకోకు"